సాన్ మాలోలో అమ్మానాన్నలతో ఐదు రోజులు: ఎక్కడ తినాలి?

నమస్తే అండీ. వచ్చే నెల అమ్మానాన్నలతో పారిస్ నుంచి రైల్లో ఫ్రాన్స్ సముద్రతీరంలో ఉన్న సాన్ మాలో ఊరికి వెళ్తున్నాం. కోటగోడ లోపలి పాత ఊళ్లోనే గది తీసుకున్నాం. తిండి గురించే టెన్షన్.

రెండేళ్ల క్రితం ఒకసారి వెళ్లాను. కోట గుమ్మం దాటగానే కనిపించిన చోట కూర్చున్నా. నాలుగు భాషల మెనూ, రంగుల ఫొటోలు. వచ్చిందేమో చల్లారిన గాలెట్ (బక్‌వీట్ పిండితో పోసే అక్కడి పల్చటి అట్టు), అంచులు తోలులా సాగాయి. మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి ఇంకోచోటికి వెళ్తే కిచెన్ కట్టేశామన్నారు. రాత్రి ఏడు దాకా బిస్కెట్లే గతి. ఈసారి పెద్దవాళ్లతో ఆ ప్రయోగాలు చేయలేను.

నాన్నకి చేపలు, రొయ్యలంటే ప్రాణం. పక్కనే ఉన్న కాంకాల్‌కి తీసుకెళ్లి, రేవు దగ్గర ఆయిస్టర్లు తినిపించాలని ఉంది (పచ్చివే తినాలని ఇంకా చెప్పలేదు!). అసలు చిక్కంతా అమ్మతోనే. గుడ్డు కూడా ముట్టదు. అక్కడ 'గాలెట్ కాంప్లెత్' అంటే హ్యామ్, గుడ్డు, చీజ్. వాటి బదులు పుట్టగొడుగులు, ఉల్లిపాయలు పెట్టి చేసిస్తారా? కొందరు పిండిలోనే గుడ్డు కలుపుతారు, పెనానికి పందికొవ్వు రాసే పద్ధతీ ఉంది. ఈ రెండూ మర్యాదగా ఫ్రెంచ్‌లో ఎలా అడగాలో కూడా రాసిపెట్టండి, ప్లీజ్.

మనిషికి పాతిక యూరోల లోపు, మీరు స్వయంగా తిన్న చోట్లు చెప్పండి. సోమవారం తెరిచి ఉండేది ఒక్కటైనా కావాలి, మేం దిగేది ఆరోజే.