మద్రాసు కౌన్సిల్‌కి సీట్లు పెరిగాయి సరే, అధికారం పెరిగిందా?

గ్రూప్స్_మెయిన్స్: మాస్టారూ, మద్రాసు గవర్నర్ కౌన్సిల్‌లో అదనపు సభ్యులు (చట్టాలు చేసేటప్పుడు కూర్చునేవాళ్లు) 1861 కౌన్సిళ్ల చట్టం ప్రకారం 4 నుంచి 8 మంది, 1892 తర్వాత 20 దాకా, 1909 తర్వాత 50 దాకా. అంకెలు నోటికొచ్చాయి కానీ అసలు సంగతి బుర్రకెక్కడం లేదు. సలహా చెప్పడానికి పెట్టిన కౌన్సిల్ చేతికి నిజంగా ఏమైనా వచ్చిందా, కుర్చీలే పెరిగాయా? 1885 బొంబాయి కాంగ్రెస్ సీట్లూ అడిగింది, బడ్జెట్ చూపించమంది, ప్రశ్నలు వేసే హక్కూ అడిగింది. వీటిలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలి?

పాత_హిస్టరీ_లెక్చరర్: నన్నడిగితే ప్రశ్నకే. గవర్నర్ జనరల్ డల్హౌసీ హయాంలో, 1854 ప్రాంతంలో, కలకత్తా కౌన్సిల్‌లో ఒక్క భారతీయుడూ లేడు. అయినా ఆ దొరలే సర్కారు కాగితాలు తెప్పించుకుని ఆరా తీయడం మొదలుపెట్టేసరికి లండన్‌లో భారత వ్యవహారాలు చూసే మంత్రి చార్లెస్ వుడ్‌కి మింగుడు పడలేదు. అందుకే 1861 చట్టంలో, తమ ముందు పెట్టిన బిల్లు గురించి తప్ప ఇంకేదీ ఎత్తకూడదని కట్టడి చేశారు. మనవాళ్లను నామినేట్ చేసిందీ ఆ చట్టమే, నోరు కట్టేసిందీ అదే! ఫలితం 1878 మార్చి 14న కనిపించింది. తెలుగులాంటి దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం ఒక్క సిట్టింగ్‌లో పాసైపోయింది.

1892తో ప్రశ్న వేసే వీలొచ్చింది. ముందే నోటీసివ్వాలి, జవాబు మీద మళ్లీ అడిగే అనుబంధ ప్రశ్న కుదరదు, అధ్యక్షుడు కారణం చెప్పకుండానే తోసిపుచ్చొచ్చు. ఇన్ని మెలికలున్నా, అధికారి చెప్పిన జవాబు రికార్డుకెక్కుతుంది, పత్రికల్లో పడుతుంది. కలెక్టర్ కచేరీ గోడలు దాటని విషయం ఊళ్లో చర్చకొస్తుంది. బడ్జెట్ మీద మాట్లాడనిచ్చారు గానీ ఓటు ఇవ్వలేదు.

గోదావరి_లాయర్: ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను మాస్టారూ. గోఖలే ప్రాథమిక విద్య బిల్లు 1912లో 38–13 తేడాతో పోయింది. 1919లో, విచారణ లేకుండా నిర్బంధించే రౌలట్ బిల్లును ఎన్నికైన భారతీయ సభ్యులు ముక్తకంఠంతో వద్దన్నారు, అయినా పాసైంది. జిన్నా, మాలవ్యా రాజీనామాలు పడేసి బయటికొచ్చారు. అంతా బాహాటంగానే జరిగింది కదా, ఒరిగిందేమిటి? ఓటు లేని బహిరంగ చర్చ సర్కారుకి ఖర్చు లేని పని.

పాత_హిస్టరీ_లెక్చరర్: ఒరగలేదు, ఒప్పుకుంటాను. మరి అధికారం ఇచ్చామన్నాక ఏమైందో చూడండి. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో కొన్ని శాఖలు మంత్రులకిచ్చి, మిగతావి ‘రిజర్వు’ పేరుతో గవర్నర్ చేతిలోనే ఉంచారు. అందులో మద్రాసు మంత్రిగా చేసిన మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1924లో, ఆ పద్ధతి తీరును విచారించిన ముడ్డిమాన్ కమిటీ ముందు తన గోడు చెప్పుకున్నారు. అడవులు లేని అభివృద్ధి మంత్రి, నీటిపారుదల లేని వ్యవసాయ మంత్రి ఆయన. రైతులకు అప్పులిచ్చే చట్టం అమలుతో వ్యవసాయ మంత్రికి సంబంధం లేదట! పరిశ్రమల శాఖ ఇచ్చి ఫ్యాక్టరీలు, బాయిలర్లు, కరెంటు, గనులు, కార్మికులు అన్నీ రిజర్వు పక్షాన ఉంచేసుకున్నారు. ఖజానా సంగతి చెప్పేదేముంది, ఆర్థిక శాఖ ఎటూ గవర్నర్ వైపే. ఇంత డొల్లతనం మనదాకా వచ్చిందంటే ఆయన కమిటీ ముందు నోరు విప్పబట్టే కదా లాయర్ గారూ?

గోదావరి_లాయర్: ఆ సాక్ష్యం నా వాదనకీ పనికొస్తుంది లెండి. అధికారం అరకొరగా ఇస్తే అంతే మరి.

గ్రూప్స్_మెయిన్స్: ఇద్దరి పాయింట్లూ రాసుకున్నాను, థాంక్స్. ఒక్క డౌట్ మిగిలింది. 1909 తర్వాత అనుబంధ ప్రశ్న ఏ సభ్యుడైనా వేయొచ్చా?

పాత_హిస్టరీ_లెక్చరర్: లేదు బాబూ. మొదటి ప్రశ్న వేసినాయనే వేయాలి. పక్కనున్నాయనకి ఎంత మంచి ప్రశ్న తట్టినా ఊరుకోవాల్సిందే.