1970 చెవెల్ 350: టైమింగ్ మార్కు కరెక్టుగానే ఉంది, అయినా బండి లాగట్లేదు

పాతబండి70:
అందరికీ నమస్తే. బండి 1970 షెవర్లే చెవెల్ మాలిబు, 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, క్వాడ్రాజెట్ (నాలుగు గొట్టాల) కార్బురేటర్, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే పాయింట్ల డిస్ట్రిబ్యూటర్, ఆటోమేటిక్ గేర్. ఏడేళ్లు షెడ్డులో కదలకుండా పడున్న దాన్ని పోయినేడాది కొన్నాను. స్టార్ట్ అయితే అవుతుంది కానీ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు) వణుకుతూనే ఉంటుంది, డ్రైవ్‌లో వేయగానే ఆగిపోయేలా మూలుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం అసలేమీ ఉండదు, తర్వాత కార్బురేటర్‌లోంచి టప్పుమని ఒక దగ్గు, ఆ తర్వాత ఏడుస్తూ ఎత్తుకుంటుంది. పావుగంట నడిపితే నేను విడిగా పెట్టుకున్న మీటర్‌లో టెంపరేచర్ 225 ఫారెన్‌హీట్ దాటిపోతోంది.

ఇప్పటిదాకా ప్లగ్గులు, వైర్లు, క్యాప్, రోటర్, పాయింట్లు, కండెన్సర్, ఫ్యూయల్ పంపు, ఫిల్టర్ అన్నీ మార్చాను. ట్యాంకు కడిగి కొత్త పెట్రోల్ పోశాను. కార్బురేటర్ విప్పి కిట్ వేశాను, రెండుసార్లు. వ్యాక్యూమ్ అడ్వాన్స్ హోస్ (వ్యాక్యూమ్‌తో టైమింగ్‌ని ముందుకు జరిపే గొట్టం) పీకి, మూసి, టైమింగ్ లైటుతో 8 డిగ్రీలకు, అంటే పిస్టన్ పై చివరకు చేరడానికి 8 డిగ్రీల ముందే ప్లగ్గు పేలేలా పెట్టాను, మార్కు నిక్కచ్చిగా అక్కడే నిలబడుతోంది. మా ఆవిడ దాన్ని ఇంటి ముందు బొమ్మ అంటోంది. ఇక కార్బురేటరే కొత్తది కొనేద్దామా అని ఆలోచన. కొనమంటారా?

కార్బ్_పిచ్చోడు:
ఆగు బ్రో, కొనకు. క్వాడ్రాజెట్‌ని తిట్టేవాళ్లలో సగం మందికి తప్పు వేరేచోట ఉంటుంది. ముందు వైర్లు చూడు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరస) 1-8-4-3-6-5-7-2, డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ గడియారం ముల్లు దిక్కునే తిరుగుతుంది. ఇందులో 5, 7 వెంటవెంటనే పేలతాయి, పైగా పక్కపక్క సిలిండర్లు. ఆ రెండు వైర్లు చాలా దూరం ఒకదానికొకటి ఆనుకుని పక్కపక్కనే వెళితే 5 వైర్లో కరెంటు 7లోకి దూకి దాన్ని ముందే పేల్చేయగలదు. నేనైతే ఒకసారి ఆ రెండూ క్యాప్ మీద తారుమారు చేసి రెండు వారాలు కార్బురేటర్‌తో కుస్తీ పట్టాను, కాబట్టి నువ్వూ ఒకసారి వేలు పెట్టి లెక్కపెట్టుకో.

తర్వాత గాలి లీకు. ఇంటేక్ మానిఫోల్డ్ అంచులు, కార్బురేటర్ కింది గ్యాస్కెట్, పవర్ బ్రేక్ ఉంటే బూస్టర్ హోస్. కొంచెం కార్బ్ క్లీనర్ కొట్టి చూడు, ఐడిల్ మారితే లీకు అక్కడే.

శనివారం_గ్యారేజీ:
ఆ క్లీనర్ సలహా పాటించేముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎంత వేడిగా ఉందో గుర్తుపెట్టుకోండి, అది అంటుకునే సరుకు. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే మాత్రమే చూడండి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకోండి. నీళ్ల స్ప్రే బాటిల్‌తో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

అసలు వీటికన్నా ముందు వ్యాక్యూమ్ గేజ్ ఒకటి మానిఫోల్డ్‌కి తగిలించి ఐడిల్‌లో ఎంత చూపిస్తుందో, ముల్లు కుదురుగా ఉందో ఊగుతోందో చెప్పండి. మామూలు క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) ఉన్న ఇంజిన్‌కి 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కన) వ్యాక్యూమ్ కుదురుగా ఉండాలి. ముల్లు లయబద్ధంగా కొడుతుంటే వాల్వు లోపం. కుదురుగానే ఉండి తక్కువగా ఉంటే టైమింగ్ వెనకబడిందనో, గాలి లీకనో అనుకోవాలి. డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) కూడా చెప్పండి, అది 30 డిగ్రీల దగ్గర లేకుండా టైమింగ్ పెట్టి లాభం లేదు, ఎందుకంటే డ్వెల్ కదిలితే టైమింగూ కదులుతుంది.

పాతబండి70:
వైర్లు సరిగ్గానే ఉన్నాయి, 5, 7 విడదీసి కట్టాను, తేడా లేదు. నీళ్లు కొట్టి చూశాను, లీకు ఎక్కడా దొరకలేదు. డ్వెల్ 24 ఉంది, సిగ్గుపడ్డాను. క్యాప్ మీద కిటికీ ఎత్తి అలెన్ కీ పెట్టి 30కి తెచ్చి, మళ్లీ టైమింగ్ 8కి పెట్టాను. కొద్దిగా మెరుగు, అంతే. గేజ్ 14 చూపిస్తోంది. ముల్లు రాయిలా కదలట్లేదు.

పెదనాన్న_రెంచి:
14, అదీ కుదురుగా, లీకు లేదు, వేడెక్కుతోంది, తొక్కితే దగ్గుతోంది. బాబూ, నీ టైమింగ్ చాలా వెనకబడి ఉంది. లైటు 8 అంటోంది కదా అంటావు. లైటు అబద్ధం చెప్పదు, మార్కు చెప్తుంది.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందున్న హార్మోనిక్ బ్యాలెన్సర్ ఒక్క ముక్క కాదు. మధ్యలో హబ్బు, చుట్టూ బరువైన ఇనుప రింగు, రెండిటి మధ్య రబ్బరు. టైమింగ్ గీత ఉండేది ఆ బయటి రింగు మీద. యాభై ఏళ్లకు రబ్బరు ఎండి పట్టు వదిలితే రింగు మెల్లగా వెనక్కి జారుతుంది, దాంతోపాటు గీతా జారుతుంది. అప్పుడు గీత పాయింటర్ దగ్గరికి వచ్చేసరికి పిస్టన్ ఎప్పుడో పైకి వెళ్లి దిగడం మొదలుపెట్టి ఉంటుంది. నువ్వు ఆ గీతను నమ్మి ఎంత జాగ్రత్తగా 8కి పెడితే అంత కచ్చితంగా తప్పు పెడుతున్నట్టు.

చిన్న పరీక్ష: ఐడిల్‌లో డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి, గడియారానికి ఎదురు దిక్కున కొద్దికొద్దిగా తిప్పుతూ గేజ్ చూడు. వ్యాక్యూమ్ పెరుగుతూ, వణుకు తగ్గుతూ పోతే, లైటులో మార్కు మాత్రం 20 దాటిపోతే, ఇక అనుమానం అక్కర్లేదు.

అసలు పరీక్ష పిస్టన్ స్టాప్‌తో, అంటే ప్లగ్గు రంధ్రంలో బిగించి పిస్టన్‌ని ఆపే బోల్టుతో. బ్యాటరీ తీసేయ్, ప్లగ్గులన్నీ విప్పు, 1వ సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో స్టాప్ బిగించు (డ్రైవర్ వైపు అన్నిటికంటే ముందుది). రెంచితో క్రాంక్‌ని నెమ్మదిగా తిప్పు, పిస్టన్ తగలగానే ఆపి పాయింటర్ సున్నాకి ఎదురుగా రింగు మీద సుద్దతో గీత పెట్టు. ఎదురు దిక్కున మళ్లీ తగిలేదాకా తిప్పి ఇంకో గీత పెట్టు. రెండు గీతలకూ సరిగ్గా మధ్యది పిస్టన్ నిజమైన పై చివర. ఫ్యాక్టరీ గీత అక్కడ లేకపోతే దొంగ దొరికినట్టే. స్టార్టర్‌తో మాత్రం తిప్పకు, పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

అక్కడే ఉన్నావు కాబట్టి క్రాంక్‌ని ముందుకూ వెనక్కూ ఊపి, రోటర్ ఎంత ఆలస్యంగా కదులుతోందో కూడా చూడు. ఏడెనిమిది డిగ్రీలు వదులుంటే టైమింగ్ చైన్ (క్రాంక్‌తో క్యామ్‌ని తిప్పే గొలుసు) కూడా పోయినట్టు. ఆ కాలం ఇంజిన్లలో కొన్నిటికి క్యామ్ గేర్ పళ్ల మీద నైలాన్ ఉండేది, అది ముక్కలై ఆయిల్ పంపు జల్లెడలో చేరుతుంది.

కార్బ్_పిచ్చోడు:
ఇది నాకు తట్టనే లేదు. ఊరికే బ్యాలెన్సర్ అంటే గుండ్రటి ఇనుప ముక్క అనుకున్నాను ఇన్నాళ్లూ.

పాతబండి70:
పెదనాన్నా, దణ్ణం. సుద్ద గీతల మధ్యకీ ఫ్యాక్టరీ గీతకీ 20 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. నాది 6.75 అంగుళాల బ్యాలెన్సర్, అంటే 1 డిగ్రీకి ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటర్, మొత్తం 13 డిగ్రీలు. నేను ముచ్చటగా 8 అని పెట్టుకున్నది నిజానికి పై చివర దాటాక 5 అన్నమాట. పక్కనుంచి చూస్తే రబ్బరు ఒకచోట ఉబ్బి బయటికి వచ్చింది, రోజూ చూస్తూనే ఉన్నాను, మురికి అనుకున్నాను. చైన్ మాత్రం గట్టిగానే ఉంది, రోటర్ వెంటనే కదిలింది.

కొత్త గీత రంగుతో వేసుకుని ప్రస్తుతానికి నడపొచ్చా?

పెదనాన్న_రెంచి:
వద్దు. ఒకసారి జారడం మొదలుపెట్టిన రింగు మళ్లీ జారుతుంది, తిరుగుతూ ఊడిపోతే రేడియేటర్‌నీ చీల్చేస్తుంది. మార్చేయ్. తీసేటప్పుడు బయటి అంచుని పట్టుకునే పుల్లర్ వాడకు, మధ్యలో బోల్టులు బిగించేది వాడు. ఎక్కించేటప్పుడు సుత్తితో కొట్టకు, ఇన్‌స్టాలర్‌తో లాక్కో, లేకపోతే థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్ ముందూవెనక్కూ జరగకుండా ఆపేది) పోతుంది.

పాతబండి70:
కొత్తది వేశాను. నిజమైన 8 డిగ్రీలకు పెట్టి స్టార్ట్ చేయగానే ఐడిల్ ఒక్కసారిగా 1100 ఆర్‌పీఎంకి (నిమిషానికి తిరిగే చుట్లు) ఎగిరింది, కంగారుపడ్డాను. తర్వాత అర్థమైంది, ఇన్నాళ్లూ ఆగిపోకుండా ఉండాలని ఐడిల్ స్క్రూ నేనే తెగ బిగించి ఉంచాను. దాన్ని వెనక్కి తిప్పి 600కి తెచ్చాక మిక్స్చర్ స్క్రూలు (గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసేవి) కూడా మొదటిసారి నా మాట వింటున్నాయి, ఇంతకుముందు ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. వ్యాక్యూమ్ 18.5. గంట నడిపినా 190 దాటలేదు, తొక్కితే దగ్గు లేదు, వెనక టైర్లు కూతపెట్టాయి. మా ఆవిడ పక్కన కూర్చుంది, ఏమీ అనలేదు కానీ సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

ఒక్కటి మిగిలింది. నాలుగు రోజులు ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి చాలాసేపు తిప్పాల్సి వస్తోంది.

కార్బ్_పిచ్చోడు:
హమ్మయ్య, ఇది నా వంతు. క్వాడ్రాజెట్ అడుగున ఉండే వెల్ ప్లగ్గులు (రంధ్రాలు మూసే బిరడాలు) కారితే బౌల్ (పెట్రోల్ నిలవుండే గిన్నె) ఖాళీ అయిపోతుంది. కార్బురేటర్‌ని ఇంజిన్ మీంచి తీసి పొడి కాగితం మీద పెట్టి బౌల్‌లో పెట్రోల్ పోయి, రాత్రంతా అలాగే వదిలేయ్, దగ్గర్లో మంట లేకుండా చూసుకో. పొద్దున కాగితం తడిసిందో లేదో ఫోటో పెట్టు.