హైవే దిగి ఎర్రగుడి, గుత్తి, తాడిపత్రి: ఇలాంటి చోట్ల లొకేషన్ అందరికీ పంచాలా, వద్దా?

రోడ్డుపిచ్చి

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 44వ నంబరు హైవే ఎక్కితే టోల్‌గేట్లు, దాబాలు తప్ప ఇంకేం గుర్తుండవు. అందుకని ఈసారి కర్నూలు దాటాక హైవే వదిలేసి పత్తికొండ రోడ్డు పట్టాం. పత్తికొండలో టమాటా మార్కెట్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే పక్కన బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. తర్వాత ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు, గుత్తి కోట, తాడిపత్రిలో రెండు గుళ్ళు చూసుకుని, ధర్మవరం మీదుగా పోయి పెనుకొండ దగ్గర మళ్ళీ హైవే ఎక్కాం.

ఎర్రగుడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. చిన్న గుట్ట, దాని మీద పెద్ద పెద్ద బండలు. దూరం నుంచి చూస్తే సీమలో ఎక్కడపడితే అక్కడ కనపడే గుట్టల్లో అదీ ఒకటి. దగ్గరకెళ్ళి, ఎండ ఏటవాలుగా పడే వేళ బండ పక్కకి తలవాల్చి చూస్తే అప్పుడు అక్షరాలు లేస్తాయి. రెండువేల రెండొందల ఏళ్ళ కిందటి బ్రాహ్మీ లిపి. మేం ఉన్నంతసేపూ ఒక మేకల కాపరి తప్ప ఇంకెవరూ లేరు.

తిరిగొచ్చాక ఫొటోలు, లొకేషన్లు ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "దీన్ని కూడా ఇంకో గండికోట చేసేదాకా నిద్రపట్టదా నీకు?" అని ఒకాయన గట్టిగానే తిట్టాడు. నా లెక్క ప్రకారం పెట్టడమే మంచిది. జనానికి తెలియకపోతే వీటిని పట్టించుకునేవాడే ఉండడు. మీరేమంటారు?

పెన్నఒడ్డు

తిట్టింది నేను కాదు గానీ నేనూ ఆయన పక్షమే. మాది జమ్మలమడుగు వైపు. మేం హైస్కూల్లో ఉన్నప్పుడు గండికోటకు సైకిళ్ళేసుకుని పోయేవాళ్ళం. జుమ్మా మసీదు మెట్ల మీద కూర్చుంటే గాలి తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. ఇప్పుడు శనివారం రాత్రి పోయి చూడండి. టెంట్లు, స్పీకర్లు, లోయ అంచున సీసా పెంకులు. మాధవరాయ స్వామి గుడి స్తంభాల మీద ప్రేమికుల పేర్లు. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసింది, సంతోషమే. ఆ డబ్బుతో దారులు వేస్తారు, లైట్లు పెడతారు. స్తంభం మీద మేకుతో గీసిన గీతను మాత్రం ఎన్ని కోట్లు పోసినా చెరపలేరు.

గండికోట పెద్దది, కొంత తట్టుకుంటుంది. ఎర్రగుడిలో ఉన్నదల్లా బండ మీద గోరంత లోతు అక్షరాలు. ఫొటోలో సరిగ్గా పడటం లేదని ఎవడో ఒకడు సుద్దముక్కతో దిద్దితే? నీళ్ళు పోసి తడిపితే? ఇవి నేను ఊహించి చెప్పేవి కావు. ఊళ్ళల్లో శాసనాల రాళ్ళ మీద సుద్ద, సున్నం పూతలు మనందరం చూసినవే.

శాసనప్రియుడు

ఎర్రగుడి విలువ తెలియనివాళ్ళ కోసం: అక్కడున్నది మామూలు శాసనం కాదు. అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలు, వాటితోపాటు చిన్న శాసనాలు, రెండూ ఒకేచోట ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అరక దున్నేవాడు చాలు చివర ఎడ్లను తిప్పుకొచ్చినట్టు. అశోకుడి శాసనాల్లో ఇలాంటిది ఇంకెక్కడా కనపడదు.

1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడి బయటి ప్రపంచానికి తెలిసింది. అంటే అంతకు ముందు వందల ఏళ్ళు ఎవరికీ తెలియకుండానే అది నిలిచి ఉంది. పెన్నఒడ్డు గారి వాదనకు ఇది బలమే.

రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణలో ఉంది. కోటల్లో పేర్లు చెక్కినవాళ్ళలో ఎంతమందికి పడిందో మీరే చెప్పండి.

గుత్తికోటవాసి

నేను గుత్తి కోటలోనే ఉంటాను. కోట అంటే మీరు కొండపైన బురుజులు అనుకుంటారు. కొండ కింద పాత ఊరిని కూడా మేం గుత్తి కోట అనే అంటాం. రైల్వే స్టేషన్ వైపు ఉండేది గుత్తి ఆర్.ఎస్. ఇక్కడ తరాలుగా సంసారాలు నడుస్తున్నాయి.

మీరందరూ హైదరాబాదు, బెంగళూరుల్లో కూర్చుని "ఎవరికీ చెప్పకండి, చెడిపోతుంది" అంటుంటే ఒళ్ళు మండుతుంది అన్నా. దాచిపెట్టుకోవడానికి అది మీ బీరువాలో నగ కాదు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు, ఇల్లు మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా కూడా పర్మిషన్ కావాల్సిందే. ఈ కష్టం ఎవరిది? మాది. పోనీ కోట ఉన్నందుకు నాలుగు టీ కొట్లయినా నడుస్తున్నాయా అంటే అదీ లేదు. మీకు కావాల్సింది నిశ్శబ్దం, మాకు కావాల్సింది బేరం.

ఇంకో మాట. జనం రాని చోటు భద్రంగా ఉంటుందని ఎవరు చెప్పారు మీకు? సీమలో నిర్మానుష్యంగా ఉండే ఏ కోటకైనా, పాడుబడ్డ గుడికైనా వెళ్ళి చూడండి. గర్భగుడిలో గొయ్యి ఉంటుంది, నంది పగిలి ఉంటుంది. గుప్తనిధుల పిచ్చోళ్ళు రీళ్ళు చూసి రారు. ఎవరూ లేరని తెలిసే, రాత్రిపూట గడ్డపారలతో వస్తారు. పగలు పది మంది తిరిగే చోట వాళ్ళకు ధైర్యం చాలదు.

పెన్నఒడ్డు

గుప్తనిధుల మాట కాదనను. కానీ తమ్ముడూ, గండికోటలో వచ్చిన బేరం ఎవరికి పోయిందో చూశావా? టెంట్ల వ్యాపారంలో బయటివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కేసుకో. ఊరివాళ్ళకు మిగిలింది కార్లకు దారి చూపించడం, మర్నాడు పొద్దున సీసాలు ఏరడం.

గుత్తికోటవాసి

అన్నా, సీసాలు ఏరే పని కూడా లేక ఊరొదిలి బెంగళూరుకు పోతున్న పిల్లలు ఉన్నారు మాకు.

అమ్మతోప్రయాణం

పంచాలా వద్దా అనే చర్చ మగవాళ్ళ మధ్యే నడుస్తోంది కాబట్టి ఒక సంగతి. పిన్ పెట్టేటప్పుడు కోట ఎంత అందంగా ఉందో రాస్తారు, బాత్రూం ఎక్కడుందో ఒక్కరూ రాయరు. డెబ్బై దాటిన మా అమ్మను, చిన్నపిల్లను వెంటబెట్టుకుని ఇలాంటి దారిలోనే వెళ్ళాం. అమ్మ పొద్దుటి నుంచీ నీళ్ళు తాగడం మానేసింది. ఎందుకో అడక్కండి, ఆడవాళ్ళకు తెలుసు. చివరికి ఒక పెట్రోల్ బంకులో తాళం అడిగి తీయించుకున్నాం. ఆ టెన్షన్‌లో గుడి ఏం చూశామో కూడా గుర్తులేదు.

హైవే బోర్ కొడుతుందని మీరంటారు. మాకు హైవే అంటే శుభ్రంగా ఉండే టాయిలెట్ అన్నా దొరుకుతుందనే నమ్మకం. జనం పెరిగితే ఇవన్నీ వస్తాయని నాకు ఆశ. అందుకే నా ఓటు పంచడానికే. ఎర్రగుడిని గండికోట చేయొద్దు, సరే. కనీసం ఒక గది, ఒక కుళాయి?

ఎర్రమట్టి

అసలు గుత్తిలో చూడాల్సింది ఏముందని? మన్రో అనే తెల్లదొర సమాధే కదా గొప్ప. దాన్ని చూడ్డానికి డీజిల్ తగలేసుకుని పోవాలా?

శాసనప్రియుడు

సమాధి కాదు, ఇప్పుడది స్మారకం మాత్రమే. థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా ఉంటూ 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో కొండ కింద పాతిపెట్టారు. 1831లో అస్థికలను తీసుకుపోయి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చిలో పెట్టారు.

ఇక గుత్తిలో చూడటానికి ఏముందంటారా? ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు గద్దె ఉంది. కొండకొమ్మున, అంచుకు ఆనుకుని, నున్నటి రాతితో కట్టిన చిన్న మంటపం. అక్కడ నిలబడితే కింద ఊరు, రైలు పట్టాలు, దూరాన హైవే మీద లారీలు అన్నీ కనపడతాయి. ఆ కొండ మీద బండ తొలిచిన బావులు, నీటి గుంటలు లెక్కలేనన్ని. అన్ని ఉండి కూడా 1776 ప్రాంతంలో హైదర్ అలీ ముట్టడించినప్పుడు నీళ్ళు అయిపోయే మురారిరావు ఘోర్పడే లొంగిపోయాడు. ఎక్కేవాళ్ళు నీళ్ళ సీసాలు మోసుకెళ్ళండి, మురారిరావుకే దొరకలేదు.

ఎర్రమట్టి

సరే, అయినా దొరల స్మారకాలకు టూరిజం ఏంటి? పన్నులు పీల్చినవాళ్ళకు పూజలా?

గుత్తికోటవాసి

పూజ ఎవరూ చేయడం లేదు సార్. మన్రో 1800 నుంచి 1807 దాకా సీడెడ్ జిల్లాల, అంటే నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన మన సీమ ప్రాంతానికి, ప్రిన్సిపల్ కలెక్టరుగా ఇక్కడ గుడారాల్లో తిరిగి, పాలెగాళ్ళను అణచి, రైతు పేరుమీదే పట్టా రాయించాడు. అందులో కంపెనీ లాభం ఎంతో, రైతు లాభం ఎంతో పుస్తకాలు చదివినవాళ్ళు కొట్లాడుకోండి. మా వైపు పాతకాలంలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న మాట మాత్రం నిజం. అది మంచో చెడో, మా ఊరి చరిత్ర.

నిర్వాహకుడు

మన్రో మంచివాడా కాదా అన్నదానికి విడిగా చర్చ పెట్టుకోండి. ఇక్కడ లొకేషన్ సంగతి మాత్రమే.

బండలబజారు

తాడిపత్రివాణ్ణి. మా ఊరిని టైటిల్లో పెట్టి అందరూ వదిలేశారు.

మా బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి పోయారా? పెన్న ఒడ్డున ఉంటుంది. లింగం దగ్గర ఊట నీళ్ళు వస్తూనే ఉంటాయి, బుగ్గ అనే పేరు అందుకే. గోపురాలు పూర్తి కాలేదు, పైభాగం లేకుండా అలాగే ఆగిపోయాయి. కానీ కట్టినంతవరకూ చెక్కిన పని చూస్తే, ఆగిపోయినందుకు కాదు, ఇంతదాకా ఎలా తెచ్చారా అనిపిస్తుంది. ఒక గూడు పక్కన పిడికిలంత ఏనుగు, దాని మీద మావటి, అతని చేతిలో అంకుశం. వేలు పెట్టి తడిమితే గానీ నమ్మబుద్ధి కాదు. తడమొద్దు లెండి, మాటవరసకు అన్నాను. ఊళ్ళో చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతిరథం కూడా ఉంది. ఈ గుళ్ళు కట్టించిన పెమ్మసానివాళ్ళే గండికోటను ఏలినవాళ్ళు.

ఎందుకు చెబుతున్నానంటే, ఒక్క వంశం ఏలుబడిలోవే రెండు చోట్లా. గండికోట గుళ్ళో స్తంభాలు గీకినట్టు మా గుళ్ళో గీకలేరు. పొద్దున, సాయంత్రం పూజ జరుగుతుంది. పూజారి ఉంటాడు, పూలు కట్టే ఆమె ఉంటుంది, ప్రదక్షిణలు చేసే పెద్దవాళ్ళు ఉంటారు. మేకు తీస్తే వీపు విమానం మోత మోగుతుంది. పంచాలా వద్దా అని కాదు, వచ్చినవాణ్ణి కనిపెట్టే కళ్ళు అక్కడ రోజూ ఉంటాయా లేదా అన్నది చూడండి. గండికోటకు వచ్చేవాళ్ళంతా ఒక్కసారి వచ్చి పోయేవాళ్ళే. అక్కడ ఎవరికి ఎవరు చెబుతారు?

మా ఊళ్ళో లోపం లేదనను. బండల పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల బురద రోడ్ల పక్కన పోస్తారు, ఎండితే దుమ్ము లేస్తుంది. కారు అద్దాలు ఎక్కించుకుని రండి.

రోడ్డుపిచ్చి

బండలబజారు గారు చెప్పింది బాగుంది. గుత్తికి, తాడిపత్రికి నాకు అనుమానం లేదు, పంచుతాను. ఎర్రగుడి దగ్గరే ఆలోచనలో పడ్డాను. అక్కడ ఊరు గుట్టకు దూరం. అయినా మ్యాపులో అది ఎప్పటి నుంచో ఉంది కదా, నేను దాస్తే మాత్రం ఏం ఆగుతుంది?

పెన్నఒడ్డు

మ్యాపులో ఉంటే వెతుక్కుని వచ్చేవాడు వస్తాడు. వాడికి ఎందుకు వచ్చాడో తెలుసు. రీల్ పెడితే పాట నచ్చి వస్తాడు. నా గొడవంతా రెండోవాడితోనే. గుత్తికి మాత్రం సరే, నాకు అభ్యంతరం లేదు. తాడిపత్రికి అసలే లేదు. ఎర్రగుడికి పూర్తికాలం కాపలా మనిషిని పెట్టి, అమ్మతోప్రయాణం గారు అడిగిన గది, కుళాయి కట్టేదాకా రీల్ వద్దనే అంటాను.

గుత్తికోటవాసి

జనం రాకుండా కాపలా మనిషిని ఎవరు పెడతారన్నా? "ఎవరూ రారు కదా, ఎందుకు" అంటారు ఆఫీసులో. మా కోటకు మెట్లు బాగు చేయమని అడిగినప్పుడు కూడా వచ్చిన జవాబు అదే.

పెన్నఒడ్డు

ముందు చెడగొట్టి తర్వాత కాపలా పెట్టించుకుందామంటావు.

గుత్తికోటవాసి

ముందు కాపలా పెట్టించే దారేదో మీరు చూపించండి, అప్పటిదాకా నా సొంత రీల్ ఆపుతాను. గుత్తి కోట వీడియో మాత్రం ఈ ఆదివారమే పెడుతున్నా. వచ్చేవాళ్ళు పొద్దున ఆరుకల్లా కొండ కింద ఉండండి, తొమ్మిది దాటితే బండ కాలుతుంది. బండి పాత ఊరి బయటే ఆపండి, లోపల సందులు ఇరుకు.

అమ్మతోప్రయాణం

వీడియోలో బాత్రూం ఎక్కడుందో చెప్పు తమ్ముడూ. లేకపోతే లేదనే చెప్పు.