మెరీనా బే శాండ్స్‌లో ఒక రాత్రి: అమ్మానాన్నలతో వెళ్తే అక్కడే ఉండాలా, చూసి వచ్చేస్తే చాలా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పి ఈ మధ్యే రిటైరయ్యారు. షష్టిపూర్తి అయ్యాక ఆయన్నీ అమ్మనీ సింగపూర్ తీసుకెళ్లాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. అక్కడ ఏం చూడాలని ఉంది నాన్నా అని అడిగితే ఒక్కటే చెప్పారు. మూడు టవర్ల నెత్తిన పడవలాంటి కప్పున్న ఆ హోటల్, మెరీనా బే శాండ్స్. పేపర్లో వచ్చిన దాని ఫోటో ఎప్పుడో కత్తిరించి డైరీలో దాచుకున్నారట. నాకూ ఆ రోజే తెలిసింది. కాబట్టి అక్కడికి వెళ్లడం ఖాయం. అందులో దిగాలా, చూసి వచ్చేయాలా అన్నదే తేలడం లేదు.

అమ్మ సంగతి వేరు. అక్కడ కాసినో ఉందని తమ్ముడు నోరు జారాడు. "కింద జూదం జరుగుతుంటే పైన నాకు నిద్రెలా పడుతుంది, నేను రాను" అని కూర్చుంది. అమ్మ మాట నేను తీసిపారేయలేను. మాతో మావయ్య కూడా వస్తున్నారు. మా వైపు కుమార పున్నమి రాత్రి ఇంటింటా పేకాట ఆడతారు, అది పండగ ముచ్చట, ఎవరూ తప్పుపట్టరు. మావయ్యకు మాత్రం అది పున్నమితో ఆగలేదు. ఒక క్లబ్బులో డబ్బు పోగొట్టుకుని అత్తయ్య గాజులు తాకట్టు పెట్టారు. విడిపించింది మా అమ్మే.

గదికి వెళ్లాలంటే కాసినో మీదుగా నడవాలా? ఒక్క రాత్రికి అంత డబ్బు పెట్టడం సబబేనా? అమ్మకు శాకాహారం దొరుకుతుందా? మావయ్య విషయంలో ఏం చేయాలి? వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి. వైజాగ్ నుంచి నేరుగా ఫ్లైట్ ఉంది కాబట్టి ప్రయాణం గురించి బెంగ లేదు.

కొరాపుట్ కాఫీ, జయపురం

మేం ఆ హోటల్లో దిగలేదు. లిటిల్ ఇండియాలో ఒక మామూలు హోటల్ తీసుకున్నాం. అమ్మగారికి అదే హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. అదే రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది, పూర్తి శాకాహారం. ఇడ్లీ, దోసె, భోజనం అన్నీ దొరుకుతాయి. మా ఆవిడ అక్కడ పొద్దున్నే సాంబార్ వాసన తగలగానే తేరుకుంది.

లిటిల్ ఇండియాలో డౌన్‌టౌన్ లైన్ మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ బేఫ్రంట్. దిగితే హోటల్ కిందే ఉంటారు. పైనున్న అబ్జర్వేషన్ డెక్‌కు విడిగా టికెట్ అమ్ముతారు, గది తీసుకోకపోయినా ఎక్కొచ్చు. రాత్రి నీళ్ల మీద లైట్ల షో ఉచితం. గది డబ్బులు మిగిల్చి సెంటోసా దీవిలో యూనివర్సల్ స్టూడియోస్ వినోద పార్కు చూపించండి. అయితే అమ్మగారికి ముందే చెప్పండి, అదీ కాసినో ఉన్న రిసార్టులో భాగమే. సింగపూర్ ప్రభుత్వం రెండు కాసినోలకే అనుమతి ఇచ్చింది, రెండూ 2010లోనే తెరిచారు.

బరంపురం ఆడపడుచు, సింగపూర్

నేను బరంపురం అమ్మాయిని. ఇక్కడ స్ట్రక్చరల్ ఇంజినీరుగా పని చేస్తున్నాను. కొరాపుట్ కాఫీ గారు ఖర్చు గురించి చెప్పింది నిజమే. కానీ లెక్కలు చెప్పిన మాస్టారు ఫోటో కత్తిరించి దాచుకున్నారంటే, ఆయన్ని డెక్ ఎక్కించి దింపేయడం నాకు నచ్చలేదు. ఒక్క రాత్రి ఉంచండి. ఎందుకో చెబుతాను.

ముందు అమ్మగారి భయం. హోటల్ టవర్లు బేఫ్రంట్ అవెన్యూకి ఒక పక్క, కాసినో రోడ్డుకు అవతల, మెరీనా బే నీళ్ల వైపు ఉన్న భవనంలో ఉంది. షాపులు, థియేటర్, మ్యూజియం కూడా అటువైపే. గదికి వెళ్లే లిఫ్టులు టవర్లలోనే ఉంటాయి. కాసినోకి వేరే గేటు, అక్కడ సెక్యూరిటీ, గుర్తింపు తనిఖీ. 21 ఏళ్లు నిండనివాళ్లని లోపలికి రానివ్వరు. దాని వైపు చూడకుండానే మీరు వచ్చి ఉండి వెళ్లిపోవచ్చు. అమ్మగారు పడుకునే మంచం కింద జూదం ఉండదని ధైర్యంగా చెప్పండి. ఈ మొత్తం కట్టడంలో కాసినో ఉన్న చోటు చాలా కొంచెం. ఆదాయంలో మాత్రం సింహభాగం దానిదే, అది కూడా దాచకుండా చెప్పడం మంచిది.

ఇక నాన్నగారి కోసం. ఆర్కిటెక్ట్ మోషే సఫ్దీ. మూడు టవర్లు, ఒక్కొక్కటి 55 అంతస్తులు. పక్క నుంచి చూస్తే ప్రతి టవర్‌కూ రెండు కాళ్లు కనిపిస్తాయి, ఒకటి నిటారుగా, రెండోది వాలుగా వచ్చి పైన దానికి ఆనుకుంటుంది. కట్టేటప్పుడు వాలుకాలు పడిపోకుండా తాత్కాలికంగా బిగించి నిలబెట్టారు. ఆ మూడింటినీ కలుపుతూ 200 మీటర్ల ఎత్తున 340 మీటర్ల పొడవు స్కైపార్క్, అదే మీరు చెప్పిన పడవలాంటి కప్పు. అది చివరి టవర్ దాటి 60 మీటర్లకు పైగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, దాని కింద స్తంభం లేదు. అబ్జర్వేషన్ డెక్ ఆ కొసనే.

ఇక్కడే అసలు విషయం ఉంది. గాలికి మూడు టవర్లూ ఒకేలా ఊగవు. దేనికదే కదులుతుంది. వాటి నెత్తిన 150 మీటర్ల ఈత కొలను ఉంది. ఒకే తొట్టెగా కడితే పగిలిపోతుంది. అందుకే కొలను అడుగున కదలికకు వీలిచ్చే జాయింట్లు పెట్టారు, అన్నీ కలిపి అర మీటరు వరకు కదలిక తట్టుకుంటాయి. ఇదంతా సముద్రాన్ని పూడ్చిన నేల, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగుతుంది. టవర్ ఒకటి కాస్త ఎక్కువ దిగితే నీటి మట్టం ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని సరిచేయడానికి కొలను కింద 500కు పైగా చోట్ల జాక్‌లు అమర్చారు. లారీ టైరు మార్చేటప్పుడు పెట్టే జాక్ పనే, కాకపోతే ఇక్కడ ఎత్తేది కొలనుని. మాస్టారికి ఈ మాట చెప్పి నీళ్ల అంచు దగ్గర నిలబెట్టండి. ఆయన ఎంతసేపు చూస్తారో చూడండి.

ఆ కొలనులోకి హోటల్లో దిగినవాళ్లనే రానిస్తారు, గది కార్డు చూపించాలి. డెక్ టికెట్‌తో అక్కడికి వెళ్లలేరు. నేను ఒక్క రాత్రి ఉండమనడానికి కారణం ఇదొక్కటే. గదులు బాగుంటాయి, కానీ మంచి గదులు ఊళ్లో చాలా చోట్ల ఉన్నాయి. ఇలాంటి కొలను మరోచోట లేదు.

నీళ్ల లోతు 1.2 మీటర్లే. అంచు దాటితే కింద పడిపోతామేమో అనిపిస్తుంది, కానీ అంచుకు అవతల కిందుగా ఇంకో తొట్టె ఉంది. పొంగిన నీళ్లు అందులో పడితే పంపు చేసి మళ్లీ పైకి తెస్తారు. మా అమ్మకు ఆ తొట్టె చూపించాకే భయం పోయింది.

పొద్దున్న ఆరుకు తెరుస్తారు. ఇక్కడ ఏడు దగ్గరపడితే గానీ తెల్లవారదు. ఆరింటికే వెళ్లండి. చీకట్లో ఊరి దీపాలు, జనం తక్కువ. తొమ్మిదయ్యాక సెల్ఫీలు తీసుకునేవాళ్లతో నిండిపోతుంది, అప్పుడు పెద్దవాళ్లకు విసుగు.

డబ్బు. ఒక రాత్రి అద్దె మన రూపాయల్లో చాలా రోజుల్లో అర లక్ష దాటుతుంది. శుక్ర, శనివారాలు, సెలవులు, పెద్ద కార్ రేసు జరిగే వారం ఇంకా పెరుగుతుంది. వారం మధ్యలో చూడండి. చూపించే ధరలో 10 శాతం సర్వీస్ చార్జీ, ఆ పైన 9 శాతం జీఎస్టీ కలిసి ఉన్నాయో లేదో చదివి బుక్ చేయండి. మధ్యాహ్నం మూడింటికి గది ఇస్తారు, మర్నాడు పదకొండుకు ఖాళీ చేయాలి. పొద్దున్నే వెళ్లి సామాన్లు అప్పగించి తిరగొచ్చు. ఊరివైపు గదుల కంటే తోటవైపు గదులు సాధారణంగా తక్కువ ధర. నాకైతే తోటవైపే ఇష్టం, కింద గార్డెన్స్ బై ది బే, దాని వెనక సముద్రంలో లంగరేసిన ఓడలు కనిపిస్తాయి.

ఆ తోటకు హోటల్ నుంచే వంతెన ఉంది. సూపర్ ట్రీలు, ఇనుప చట్రాల మీద నిజమైన మొక్కలు పెంచినవి, పెద్దవి 50 మీటర్లు. రాత్రి 7:45కి, 8:45కి పాటతో లైట్లు వేస్తారు, డబ్బులక్కర్లేదు. క్లౌడ్ ఫారెస్ట్‌కు టికెట్ కొనాల్సిందే, కొనండి. అద్దాల గూడులో 35 మీటర్ల జలపాతం, లోపల చల్లగా ఉంటుంది, అమ్మగారికి శాలువా తీసుకెళ్లండి. తామరపువ్వులా ఉండే ఆర్ట్‌సైన్స్ మ్యూజియం బయటి నుంచి చూసినా సరిపోతుంది. వాన పడితే మాత్రం లోపలికి వెళ్లండి. కప్పు మీది నీళ్లన్నీ మధ్యలోకి జారి జలపాతంలా దిగుతాయి, ఆ నీళ్లని మళ్లీ వాడుకుంటారు. షాపింగ్ మాల్ గురించి చెప్పేదేమీ లేదు, అన్నీ ఖరీదైన బ్రాండ్లు. లోపల కాలువలో పడవ షికారు ఉంది, అది పిల్లలకు.

మజ్జిగౌరి బిడ్డ, రాయగడ

మావయ్యగారి గురించి నేను చెబుతాను. గోవాలో ఒక కాసినోలో డీలర్‌గా, అంటే బల్ల దగ్గర ముక్కలు పంచి ఆట నడిపేవాడిగా, పని చేసి మానేసి వచ్చాను. రోజూ ఇలాంటి పెద్దమనుషుల్ని బల్లకు అవతల చూసేవాణ్ని. ఇంట్లో మంచివాళ్లే.

ముందు ఆయనకు ఒక సంగతి తెలియాలి. ఊళ్లో ఆడే రమ్మీ అక్కడ ఉండదు. బకారా, బ్లాక్‌జాక్ అనే పేకాటలు, అంకెల చక్రం తిప్పే రూలెట్, డబ్బు వేసి ఆడే స్లాట్ మెషీన్లు ఉంటాయి. రమ్మీలో ఎదుటివాడు మనలాంటివాడే, చేతిలో కాస్త నేర్పుంటే పనికొస్తుంది. అక్కడ ఎదుటివాడు కాసినోయే. ఒక సున్నా ఉన్న రూలెట్ చక్రంలో 37 గళ్లు. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. నిజమైన లెక్కకి 36 రావాలి. ఆ తేడా వల్ల పెట్టిన ప్రతి వంద రూపాయల్లో సగటున 2 రూపాయల 70 పైసలు వాళ్లకు పోతాయి. చిన్నదే అనిపిస్తుంది. కానీ గంటకు ఎన్నోసార్లు తిరుగుతుంది, రాత్రంతా తిరుగుతుంది. రెండు సున్నాల చక్రమైతే 5 రూపాయలు దాటుతుంది. మాస్టారి చేత కాగితం మీద ఈ లెక్క చేయించండి, బావగారు చెబితే వింటారేమో.

ఇంకొకటి. డబ్బు ఇచ్చి చిప్పులు, అంటే దానికి బదులు ఇచ్చే ప్లాస్టిక్ బిళ్లలు, తీసుకున్నాక అది డబ్బులా అనిపించదు. ఐదు వందల రూపాయల నోటు చేతిలోంచి జారేటప్పుడు గుండె గుబేలుమంటుంది, ప్లాస్టిక్ బిళ్ల జారితే ఏమీ అనిపించదు. నేను కళ్లారా చూశాను.

సింగపూర్‌లో స్థానికులు, అక్కడ స్థిరపడ్డవాళ్లు కాసినోలోకి వెళ్లాలంటే రోజుకు 150 సింగపూర్ డాలర్లు ప్రభుత్వానికి కట్టాలి. తమ జనం జూదంలో పడకూడదని పెట్టిన రుసుము అది. విదేశీయులకు ఆ రుసుము లేదు, పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. అంటే మావయ్యగారిని గుమ్మం దగ్గర ఆపే అడ్డు ఏమీ ఉండదు. పాస్‌పోర్ట్ లేకుండా మాత్రం లోపలికి వెళ్లలేరు. హోటల్లో చేరాక అందరి పాస్‌పోర్టులూ గదిలోని లాకర్‌లో పెట్టి, దాని నంబరు ఒక్కరి దగ్గరే ఉంచండి.

కానీ ఆయనకు తెలియకుండా దాచకండి. పెద్దవారు, అక్కడ పరాయి దేశంలో అవమానంగా అనిపిస్తే మాటకు మాట పెరుగుతుంది. బయల్దేరక ముందే ఇంట్లో కూర్చోబెట్టి అడగాలి. మీరు కాదు, మీ తమ్ముడు కాదు. గాజులు విడిపించిన అక్కగారే అడగాలి. "ఒక్క రాత్రి నా కోసం ఆగు" అంటే చాలు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మజ్జిగౌరి బిడ్డ గారూ, మీ జవాబు అమ్మకు చదివి వినిపించాను. వెంటనే మావయ్యకు ఫోన్ చేసింది. గది తలుపేసుకుని మాట్లాడింది, ఏం మాట్లాడిందో నేను అడగలేదు. మావయ్య నాకు ఫోన్ చేసి, నా పాస్‌పోర్ట్ వీసా పని దగ్గర్నుంచి నీ దగ్గరే ఉంచమ్మా అన్నారు. ఆ మాట విన్నాక నాకు చాలా టెన్షన్ తగ్గింది.

నాన్నగారు జాక్‌ల సంగతి చదివి కాగితం మీద మూడు టవర్లు గీసి, మధ్యది రెండు సెంటీమీటర్లు దిగితే నీళ్లు ఎటు పొర్లుతాయో తమ్ముడికి వివరిస్తున్నారు. ఇంక బయటి నుంచి చూసి వచ్చే ప్రశ్న లేదు. మొదటి రోజులు లిటిల్ ఇండియాలో, చివరి రాత్రి, వారం మధ్యలో, మెరీనా బే శాండ్స్‌లో తోటవైపు రెండు గదులు. కొరాపుట్ కాఫీ గారి సలహా, బరంపురం అక్క సలహా రెండూ కలిపినట్టయింది.

అక్కా, ఒక్కటి మిగిలింది. అమ్మ చీర తప్ప ఏదీ కట్టదు. కొలను దగ్గరికి రానిస్తారా? మోకాళ్ల నొప్పి కూడా ఉంది.

బరంపురం ఆడపడుచు, సింగపూర్

చీరతో నీళ్లలోకి దిగనివ్వరు, ఈత బట్టలు ఉండాలి. గట్టున కుర్చీల్లో కూర్చోవడానికి ఇబ్బంది లేదు, మా అమ్మ నేత చీరలోనే కూర్చుంది. గది నుంచి పై వరకు లిఫ్టే కాబట్టి మెట్ల బాధ ఉండదు. తోటలో మాత్రం నడక ఎక్కువ. అక్కడ వీల్‌చెయిర్ అడిగి తీసుకోండి, మొహమాటపడకండి. గది కార్డులు అందరికీ సరిపడా ఇమ్మని చెక్ ఇన్‌లోనే చెప్పండి, లేకపోతే పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర ఒకరు ఆగిపోవాల్సి వస్తుంది. తేదీ ఖాయమయ్యాక చెప్పండి. సెలవు దొరికితే నేనూ వస్తాను, మాస్టారికి ఆ వాలుకాళ్ల టవర్లు కింద నుంచి ఎక్కడ నిలబడి చూస్తే బాగా అర్థమవుతుందో చూపిస్తాను.