ఫోరెన్సిక్ అకౌంటింగ్ ట్రాక్: ముందు ఏ సబ్జెక్టు తీసుకోవాలి?

కొత్తపిట్ట_గుంటూరు:
అందరికీ నమస్కారం. గుంటూరులో బీకాం, ఎంకాం చేసి ఇక్కడ అమెరికాలో ఎం.ఎస్. అకౌంటింగ్‌లో చేరాను. కంపెనీల్లో మోసాలు పట్టే ఫోరెన్సిక్ ట్రాక్ తీసుకుందామని ఉంది. ఈ టర్మ్‌లో ఫ్రాడ్ ఎగ్జామినేషన్, డేటా అనలిటిక్స్‌లలో ఒక్కటే పడుతుంది. ఏది ముందు? క్లాసులు మార్చుకునే యాడ్/డ్రాప్ గడువు శుక్రవారం.

లెడ్జర్_బాబాయ్:
అది తర్వాత తమ్ముడూ, ముందు వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం తీసి, అందులో నీ కోర్సుకున్న సీఐపీ కోడ్ చూడు. 52.0301 ఉంటే మామూలు అకౌంటింగ్, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి రాదు. చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే. 30.7102 ఉంటే బిజినెస్ అనలిటిక్స్, అది స్టెమ్, ఇంకో 24 నెలలకు అప్లై చేసుకోవచ్చు. బ్రోషర్ మీద ఏ పేరున్నా కోడే లెక్క.

రెండోది, ఈ ట్రాక్‌లో చాలా క్లాసులు ఉద్యోగస్తుల కోసం ఆన్‌లైన్‌లో పెడతారు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు టర్మ్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే, 3 క్రెడిట్ల వరకే, ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. ఒక అబ్బాయి ఇక్కడే ఇరుక్కున్నాడు. వాళ్ల యూనివర్సిటీలో మాస్టర్స్‌కి 9 క్రెడిట్లు ఫుల్‌టైమ్. ఒకటి క్లాసు గదిలో, రెండు ఆన్‌లైన్‌లో తీసుకున్నాడు. డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ స్క్రీన్ చూసి "9 ఉన్నాయిగా" అని పంపించేసింది. నాలుగో వారంలో ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిల్: నీవి 6 మాత్రమే, తక్కువ పడ్డాయి అని. యాడ్/డ్రాప్ దాటిపోయింది. అడ్వైజర్‌ని అడిగితే వీసా సంగతి నాకు తెలీదంది, ఆఫీసుకెళ్తే మమ్మల్ని ముందే అడగాల్సిందన్నారు. టర్మ్ మధ్యలో మొదలయ్యే క్లాసొకటి క్యాంపస్‌లో దొరకబట్టి బయటపడ్డాడు. వీసా సంగతుల్లో డీఎస్ఓ (ఇంటర్నేషనల్ ఆఫీసులో విద్యార్థుల వీసాలు చూసే అధికారి) మాటే మాట. అదీ మెయిల్‌లో అడుగు, నోటిమాట పనికిరాదు.

జెర్సీ_ఏఎంఎల్:
బాబాయ్ గారు అడిగింది తప్ప అన్నీ చెప్పారు :) డేటా అనలిటిక్స్ ముందు తీసుకోండి. దొంగ వెండర్‌ని (ఉద్యోగే వేరే పేరుతో పెట్టుకున్న సరఫరాదారుని) పట్టే పనే చూడండి. వెండర్ మాస్టర్ (సరఫరాదారుల జాబితా), పేరోల్ (జీతాల) ఫైళ్లు రెండూ తీసుకుని ముందు అడ్రసులు శుభ్రం చేయాలి. "స్ట్రీట్" ఒకచోట పూర్తిగా, ఒకచోట పొట్టిగా ఉంటుంది, ఫోన్ నంబర్ల మధ్య గీతలుంటాయి. అవి సరిచేయకుండా రెండు ఫైళ్లనూ పోల్చి కలిపే జాయిన్ కొడితే ఏమీ దొరకదు, అంతా బాగుందని రాసేస్తారు. తర్వాత బ్యాంకు ఖాతా, అడ్రసు, ఫోన్ మూడింటి మీదా విడివిడిగా జాయిన్ చేయాలి. డూప్లికేట్ బిల్లులకు వెండర్, మొత్తం కలిపి చూడాలి గానీ ఇన్వాయిస్ నంబర్‌ని నమ్మొద్దు. 1047కి రెండోసారి డబ్బు లాగేవాడు 01047 అనో, 1047ఏ అనో రాస్తాడు.

డాలస్_పద్దులు:
మొత్తాల్లో మొదటి అంకెలు లెక్కపెట్టి చూసే బెన్‌ఫోర్డ్ పరీక్ష చెప్పలేదేం? మొదటి అంకె 1 అయ్యేవి 30.1 శాతం, 9 అయ్యేవి 4.6 శాతం ఉండాలి. తేడా వస్తే అక్కడ తవ్వాలి. సత్యం కంప్యూటర్స్ లెక్కల మీద ఇది నడిపి ఉంటే ముందే తెలిసేది.

జెర్సీ_ఏఎంఎల్:
తెలిసేది కాదండి. మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన 2009 జనవరి 7 నాటి లేఖ ప్రకారం 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివే. దొంగ డిపాజిట్ రసీదులు నాలుగు వరుసలుంటే వాటి మీద బెన్‌ఫోర్డ్ ఏం నడుపుతారు? అక్కడ పట్టేది బ్యాంకు కన్ఫర్మేషన్, అంటే నిల్వ ఎంతుందో బ్యాంకునే అడిగే ఉత్తరం. ఆడిటరే పంపాలి, బ్యాంకు నుంచి నేరుగా ఆడిటర్‌కే రావాలి, బ్యాంకు చిరునామా కూడా క్లయింట్ ఇచ్చింది కాకుండా వేరే చోట సరిచూసుకోవాలి. ఆ ఉత్తరాలు పంపడం, తెప్పించడం కంపెనీ చేతుల్లో వదిలేశారనే 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు సత్యం ఆడిట్ సంస్థలకు జరిమానా వేశాయి.

డాలస్_పద్దులు:
7,561 దొంగ ఇన్వాయిస్‌లు కూడా ఉన్నాయి కదా, వాటి మీద నడుస్తుందంటున్నాను.

లెడ్జర్_బాబాయ్:
నడవొచ్చు. కానీ తేడా కనిపించినంత మాత్రాన మోసమని కాదు. 5,000 డాలర్లు దాటితే మేనేజర్ సంతకం కావాలన్న రూలుంటే 4తో మొదలయ్యే బిల్లులు వాటంతటవే పెరుగుతాయి. ఎవరు ఆమోదించారో చూడాలి.

తమ్ముడూ, ఫ్రాడ్ ఎగ్జామినేషన్‌లో నెట్‌వర్త్ పద్ధతి (నికర ఆస్తి పెరుగుదలని బట్టి దాచిన ఆదాయం పట్టేది) వస్తుంది, అది మాత్రం కాగితం మీద చేసి నేర్చుకో. నిరుడు ఆస్తులు 3,10,000 డాలర్లు, అప్పులు 1,90,000, నికరం 1,20,000. ఈ ఏడు ఆస్తులు 4,60,000, అప్పులు 2,10,000, నికరం 2,50,000. పెరిగింది 1,30,000. ఇంటి ఖర్చు 70,000 కలిపితే 2,00,000. చూపించిన ఆదాయం 85,000 తీసేస్తే 1,15,000కి లెక్క లేదు. అందరూ తప్పేది రెండు చోట్ల. ఇల్లు కొన్నధరకే రాయాలి, ఈనాటి రేటుకి రాస్తే లేని ఆదాయం పుట్టుకొస్తుంది. ఇక మొదటి ఏడాది నికరం గట్టిగా నిలబడకపోతే "పెట్టెలో దాచిన నగదు ముందే ఉంది" అంటాడు, కేసు కూలుతుంది. 1954లో హాలండ్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు గట్టిగా చెప్పింది ఇదే. మనవాళ్ల కేసైతే పెళ్లి బంగారం, ఊళ్లో పొలం అమ్మి నాన్న పంపిన డబ్బు ముందే అడిగి పక్కన పెట్టుకోవాలి.

జెర్సీ_ఏఎంఎల్:
రిపోర్టులో "ఫలానావాడు మోసం చేశాడు" అని రాస్తే మార్కులు పోతాయి. దోషి అవునా కాదా అన్న అభిప్రాయం చెప్పకూడదని సీఎఫ్ఈల (సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ల) నియమావళిలోనే ఉంది. "ఈ 14 చెక్కులకు ఆధార పత్రాలు లేవు" అని రాసి ఆగిపోవాలి. సీఎఫ్ఈ సర్టిఫికెట్‌కి రెండేళ్ల అనుభవం కావాలి. ఎఫ్‌బీఐ, ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) క్రిమినల్ ఇన్వెస్టిగేషన్ ఉద్యోగాలకు పౌరసత్వం కావాలి, వాటి మీద ఇప్పుడు ఆశ పెట్టుకోవద్దు. బ్యాంకుల్లో ఏఎంఎల్ (మనీ లాండరింగ్‌ని అడ్డుకునే పని), కన్సల్టింగ్ సంస్థలు, ఇన్సూరెన్స్ వైపు చూడండి.

అడగకపోయినా ఒకటి: ఇంటి నుంచి తెచ్చిన నగదు బ్యాంకులో వేసేటప్పుడు 10,000 డాలర్లు దాటితే ప్రభుత్వానికి ఫారం వెళ్తుందని భయపడి 6,000 ఒకరోజు, 5,000 ఇంకోరోజు వేయకండి. ఫారం వెళ్లడం తప్పేం కాదు. దాన్ని తప్పించుకోవడానికి విడగొట్టడమే నేరం, డబ్బు సక్రమమైనదైనా సరే.

కొత్తపిట్ట_గుంటూరు:
చాలా థాంక్స్ అండి. ఐ-20లో 52.0301 ఉంది. డేటా అనలిటిక్స్ మంగళవారం సాయంత్రం క్యాంపస్‌లోనే. ఫ్రాడ్ ఎగ్జామినేషన్ ఆన్‌లైన్. ఇప్పటికే ఉన్న రెండింట్లో ట్యాక్స్ ఆన్‌లైన్, ఆడిటింగ్ క్యాంపస్.

లెడ్జర్_బాబాయ్:
చూశావా, ఫ్రాడ్ ఎగ్జామినేషన్ తీసుకుని ఉంటే రెండు ఆన్‌లైన్ అయ్యేవి. డేటా తీసుకో. కోడ్ మారే ట్రాక్ ఏదైనా ఉందేమో డీఎస్ఓకి ఈ రాత్రే మెయిల్ పెట్టు.

డాలస్_పద్దులు:
ఆ క్లాసులో బెన్‌ఫోర్డ్ చెప్తారు, చూసుకో.