టైర్ పాలిష్ ఎన్నాళ్లకోసారి వేయాలి? ప్రతి వాష్‌కీ వేస్తే రబ్బరు పాడవుతుందా?

కొత్తకారు
నమస్తే అండి. కారు వారానికోసారి వాష్ చేయిస్తాను. చేయించిన ప్రతిసారీ టైర్లకు పాలిష్ కొట్టి ఇస్తారు. దీని మీద రెండు రకాల మాటలు వింటున్నాను. పాలిష్ ఉంటేనే రబ్బరు ఎండిపోకుండా ఉంటుంది, మానొద్దని కొందరు. అది వేసీ వేసీ సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) పగుళ్లిచ్చిందని ఇంకొందరు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. టైర్లకు మూడేళ్లు. పగుళ్లు లేవు గానీ, పాలిష్ పోయాక పక్కల కాస్త గోధుమ రంగు తేలుతోంది. నష్టం లేకుండా ఎన్నాళ్లకోసారి వేయొచ్చో చెప్పండి.

మట్టిరోడ్డు
అసలు వేయకండి. టైరుకు కావాల్సిన రక్షణ తయారీలోనే లోపల కలిపేస్తారు. రబ్బరును నల్లగా చేసే కార్బన్ బ్లాక్ బలాన్నీ ఇస్తుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలనూ పీల్చుకుంటుంది. గాలిలో ఉండే ఓజోన్ వాయువు నుంచి కాపాడేందుకు మైనం, 6పీపీడీ లాంటి రసాయనాలు ఉంటాయి. అవి లోపలి నుంచి కొద్దికొద్దిగా పైకి వస్తూనే ఉంటాయి. మీకు కనిపిస్తున్న గోధుమ రంగు అదే. దాన్ని మురికి అనుకుని తోమి పారేసి, పైన కొన్న మెరుపు పూయడంలో టైరుకు ఒరిగేదేమీ లేదు. మామూలు సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

వాష్‌బే
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ప్రతి వాష్‌కీ వేయొచ్చు, టైరుకు ఏమీ కాదు. కాకపోతే ఏది వేస్తున్నారన్నది ముఖ్యం. పాలలా తెల్లగా, నీళ్లలో కలిసిపోయే రకం ఉంటుంది. అది వాటర్ బేస్డ్. సిలికాన్ నూనెను నీళ్లలో సన్నటి తుంపరలుగా కలిపి తయారుచేస్తారు. నీరు ఆరిపోయాక పల్చటి పొర మిగులుతుంది, అంతే. ఇంకోటి జిడ్డుగా, సాధారణంగా తేటగా, పెట్రోల్ వాసనతో ఉంటుంది. డబ్బా మీద మంట గుర్తు ఉంటుంది. అది సాల్వెంట్ బేస్డ్, అంటే పెట్రోలియం ద్రావకంలో కలిపింది. తళతళ ఎక్కువ, వానకు త్వరగా పోదు. తక్కువ శ్రమతో ఎక్కువ మెరుపు వస్తుందని చాలామంది అదే వాడతారు. టైరుకు చెడు చేసేది ఆ రెండోది.

వేసే పద్ధతి కూడా చూడాలి. టైరు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. పాలిష్‌ను టైరు మీద నేరుగా పోయకూడదు. స్పాంజ్ మీద కొద్దిగా వేసుకుని సైడ్‌వాల్ అంతా ఒక చుట్టు తిప్పాలి, అక్షరాల సందుల్లోకి వేలితో నొక్కాలి. పది నిమిషాలు ఆగి పొడి గుడ్డతో మిగులు తుడిచేయాలి. ఆ తుడవడం మానేస్తేనే బండి కదిలాక చుక్కలు చుక్కలుగా ఎగిరి డోర్ల మీద పడతాయి. దుమ్ము అంటుకునేది కూడా ఆ మిగులుకే.

మట్టిరోడ్డు
వాష్‌బే గారూ, మీరు చెప్పని సంగతి ఒకటుంది. కొత్త పూత పట్టాలంటే పాతది తీయాలి కదా. దేనితో తీస్తారు? డీగ్రీజర్ (జిడ్డు వదలగొట్టే ద్రవం) కొట్టి, గట్టి బ్రష్‌తో, గోధుమ రంగు నురగ తెల్లగా మారేదాకా తోముతారు. ఆ నురగలో పోయేది మురికి ఒక్కటే కాదు, టైరు పైకి తెచ్చుకున్న మైనం కూడా పోతుంది. వారం వారం అలా తోమితే ఎలా? మీ పాలిష్ మంచిదే కావచ్చు, దాని కోసం చేసే కడుగుడు మంచిది కాదు.

రబ్బరుపని
టైర్ల రబ్బరు మిశ్రమాల పని కొన్నేళ్లు చేశాను. మీ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కొంచెం లోపలికి వెళ్లి చెబుతాను.

సైడ్‌వాల్‌లో ఎక్కువగా సహజ రబ్బరు, పాలీబ్యూటడైన్ అనే కృత్రిమ రబ్బరు ఉంటాయి. వీటి అణువుల్లో జంట బంధాలు ఉంటాయి. గాలిలోని ఓజోన్ వాటినే పట్టుకుని తెంపుతుంది. మనం పీల్చే గాలిలో వంద కోట్ల భాగాలకు కొన్ని పదుల భాగాలున్నా చాలు, కాలం గడిచేకొద్దీ ఆ పని జరిగిపోతుంది. అయితే పగులు కనిపించేది రబ్బరు సాగి ఉన్న చోటే. సాగిన దిశకు అడ్డంగా సన్నటి గీతల్లా వస్తాయి. ఎండకు ఎండిపోయి పగిలిందని చాలామంది అనుకునేవాటిలో చాలా మటుకు ఇవే.

దీనికి టైరులో రెండు కాపలాలు. బండి నిలబడి ఉన్నప్పుడు మైనం పొర కాపాడుతుంది. తిరిగేటప్పుడు సైడ్‌వాల్ వంగి వంగి ఆ పొర చిట్లిపోతుంది, అప్పుడు 6పీపీడీ పనిచేస్తుంది. అది తనే ముందు ఓజోన్‌తో కలిసిపోయి, దాన్ని రబ్బరు జోలికి పోనివ్వదు. అలా ఖర్చయిపోయిందే గోధుమ రంగు. మట్టిరోడ్డు గారూ, ఆ రంగు కడిగినంత మాత్రాన రక్షణ పోదు, అది పని పూర్తి చేసుకున్న పదార్థం. లోపలి నుంచి ఇంకొంచెం వస్తుంది. కానీ లోపలి నిల్వకు అంతు ఉంది. ఘాటు డీగ్రీజర్‌తో వారం వారం తోమితే ఇంకా ఖర్చు కానిది కూడా పోతుంది. ఆ భయం సరైనదే.

ఇక సాల్వెంట్ సంగతి. పెట్రోలియం సాల్వెంట్ రబ్బరు పైన ఆగదు, లోపలికి ఇంకుతుంది. రబ్బరు కొద్దిగా ఉబ్బుతుంది. ఆవిరయ్యేటప్పుడు లోపలి నూనెల్నీ, రక్షణ రసాయనాల్నీ కొంత పైకి లాక్కొస్తుంది. పదే పదే అలా జరిగితే రబ్బరు గట్టిపడుతుంది. డీజిల్, వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం ఇంతకంటే అన్యాయం. వీటికి ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్నే లేదు, ఎప్పుడూ వద్దు.

పాలిష్ వేస్తే టైరు ఎక్కువ కాలం వస్తుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. సిలికాన్ పొర గుండా వాయువులు సులువుగా దూరిపోతాయి, కాబట్టి అది ఓజోన్‌ను ఆపుతుందని ఆశపడకండి. ఎండను ఆపే పని కార్బన్ బ్లాక్ ఎలాగూ చేస్తోంది. పాలిష్ అందం కోసం. అందం కోసం అనుకుని వేసుకుంటే ఎన్నాళ్లకోసారో మీకే తెలుస్తుంది: నలుపు వెలిసినట్టు కనిపించినప్పుడు. వాటర్ బేస్డ్ అయితే మూడు నాలుగు వారాలకోసారి నిశ్చింతగా వేయొచ్చు. మధ్యలో మామూలు కార్ షాంపూతో కడిగితే చాలు. డీగ్రీజర్ ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించనివ్వకండి.

వాష్‌బే
ఆయుష్షు పెంచదన్నారు, సరే. నా బాధ వేరే. పగుళ్లొచ్చిన టైరు కనిపిస్తే చాలు, పాలిష్ వల్లే అనేస్తున్నారు. నా దగ్గరికి వచ్చే పగిలిన టైర్లలో ఎక్కువ భాగం నెలల తరబడి కదలకుండా ఉన్న కార్లవి, లేదా గాలి తక్కువతో తిరిగినవి. గాలి తగ్గితే సైడ్‌వాల్ మామూలుకంటే ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది. నెలకోసారి ప్రెషర్ చూసుకోని వాళ్లు పాలిష్ గురించి గొడవపడటం నాకు మింగుడుపడదు. వాటర్ బేస్డ్ వారం వారం వేయించుకుంటూ, రోజూ తిరిగే కార్ల టైర్లు ట్రెడ్ (రోడ్డుకు తగిలే భాగం) అరిగి మార్చేదాకా పగుళ్లు లేకుండా ఉండటం చూస్తూనే ఉన్నాను.

రబ్బరుపని
అవునండి. కదలని బండికి కష్టం ఎక్కువ. సైడ్‌వాల్ వంగుతుంటేనే లోపలి రసాయనాలు పైకి బాగా వస్తాయి. వారం వారం వేసినా నష్టం లేదన్న మీ మాట కూడా ఒప్పుకుంటాను, మధ్యలో డీగ్రీజర్ పెట్టనంత వరకు.

రెండుచక్రాలు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇది చెప్పకపోతే ప్రమాదం. బైక్ టైర్లకు పాలిష్ ఎప్పుడూ వేయకండి, ఒక్కసారి కూడా. మలుపులో బండి వంగినప్పుడు రోడ్డును పట్టుకునేది టైరు అంచు. దాని పక్కనే సిలికాన్ పూస్తే జారి పడతాం. కార్లకైనా ట్రెడ్ మీద పడనివ్వొద్దు. స్ప్రే డబ్బాతో కొట్టేటప్పుడు గమనించండి, ఆ పొగలాంటి తుంపర చక్రం సందుల్లోంచి వెళ్లి బ్రేక్ డిస్క్ మీద సన్నగా పేరుకుంటుంది. బ్రేక్ పట్టు తగ్గుతుంది. స్పాంజ్‌తో పూస్తే ఈ టెన్షనే ఉండదు.

కొత్తకారు
అందరికీ థ్యాంక్స్ అండి. కానీ వాష్ దగ్గర ఏది వేస్తున్నారో నాకెలా తెలుస్తుంది? అడిగితే మంచిదే సార్ అంటారు.

వాష్‌బే
డబ్బా చూపించమనండి. పెద్ద క్యాన్‌లోంచి చిన్న సీసాలోకి పోసుకుంటారు కాబట్టి పేరు ఉండకపోవచ్చు. అప్పుడు వాసన చూడండి, కిరోసిన్‌లా కొడితే వద్దనండి. ఇంకా అనుమానం ఉంటే కొన్ని చుక్కలు నీళ్ల గ్లాసులో వేయమనండి. తెల్లగా కలిసిపోతే వాటర్ బేస్డ్. పైన నూనెలా తేలితే సాల్వెంట్ రకం. అంతకంటే సులువు, మీ సీసా మీరే తీసుకెళ్లి ఇవ్వడం. మేమేమీ అనుకోము.

మట్టిరోడ్డు
వేయొద్దన్న నా మాట మీదే ఉన్నాను, దానికి ఇంకో కారణం ఉంది. పాలిష్ కింద సన్నటి పగుళ్లు కనబడవు. నల్లగా నిండిపోయి కొత్త టైరులా కనిపిస్తుంది. పాత కారు కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

రబ్బరుపని
ఇది చాలా మంచి పాయింట్. కొత్తకారు గారూ, ఈసారి వాష్‌లో టైర్లు కడిగాక, పాలిష్ వేయకముందే ఆపమనండి. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ముందు టైర్ల సైడ్‌వాల్‌ను వెలుతురులో చూడండి. ట్రెడ్ గాడుల అడుగున, రిమ్ అంచు దగ్గర కూడా చూడండి, పగుళ్లు తరచుగా అక్కడే మొదలవుతాయి. గోరు దిగేంత పగులుంటే టైరు షాపులో చూపించండి.

టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆ అంకెలు ఒక్కోసారి టైరు లోపలి వైపే ఉంటాయి, వంగి చూడాల్సి వస్తుంది. మీరు మూడేళ్లన్నది కొన్న తేదీ నుంచా, తయారైన తేదీ నుంచా? అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి నిపుణుడికి చూపించమనీ, ట్రెడ్ ఎంత మిగిలున్నా తయారైన పదేళ్లకు మార్చేయమనీ పెద్ద టైరు కంపెనీలు చెబుతాయి. ఎంత మంచి పాలిష్ వేసినా ఆ తేదీ ముందుకు జరగదు.

కొత్తకారు
కొన్న తేదీ నుంచే లెక్కపెట్టానండి. ఇప్పుడే కిందికి వెళ్లి చూసొచ్చాను. మూడు టైర్ల మీద అంకెలు ఒకటే, నాలుగో దాని మీద ఏడాది పాతవి ఉన్నాయి. స్టెప్నీ ఇంకా చూడలేదు.

మట్టిరోడ్డు
స్టెప్నీ తప్పకుండా చూడండి. దానికి ఎవరూ పాలిష్ వేయరు, గాలీ చూడరు.