ఇరవై పదాల లిస్టు ఇస్తే శుక్రవారం దాకే గుర్తుంటున్నాయి. పాఠంతో కలిపి నేర్పడం ఎలా?

పలకాబలపం అడిగిన ప్రశ్న

తొమ్మిదో తరగతి ఇంగ్లిష్. వారానికి ఐదు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. సోమవారం 20 పదాలు అర్థాలతో సహా బోర్డు మీద రాస్తాం, శుక్రవారం పరీక్ష. సగం మందికి పైగా 18, 19 మార్కులు తెచ్చుకుంటారు. రెండు వారాలు తిరిగేసరికి ఆ పదాలు వ్యాసాల్లో ఎక్కడా కనబడవు. కనబడినా "ఐ యామ్ రిలక్టెంట్ ద హోంవర్క్" లాంటి తప్పు వాక్యాల్లోనే. ఇంకోవైపు కథ గానీ పద్యం గానీ మొదలుపెడితే పీరియడంతా కష్టమైన మాటలకు అర్థాలు చెప్పడంతోనే సరిపోతోంది, కథ లోపలికి వెళ్లడమే కుదరడం లేదు.

ఏ పదాలు ఎంచుకోవాలి, వారానికి ఎన్ని? అవి నిలబడాలంటే పిల్లల చేత ఏం చేయించాలి? పదాలకూ సాహిత్యానికీ వేర్వేరు పీరియడ్లు పెట్టుకోవాలా?

మార్జిన్‌నోట్

వేర్వేరు పీరియడ్లు వద్దండి. పదాలు ఆ వారం చదివే పాఠంలోంచే రావాలి, పాఠం గురించి మాట్లాడటానికే వాడాలి. ఇరవై చాలా ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది చాలు.

ఎంచుకునే పద్ధతి ఇది. పాఠం మీరు ఒకసారి పెన్సిల్‌తో చదవండి, పిల్లలకు తెలియవనిపించిన ప్రతి మాట కిందా గీత పెట్టండి. మూడు పేజీల కథలో పాతిక దాకా వస్తాయి. వాటిని మూడు కుప్పలు చేయండి. చుట్టూ ఉన్న వాక్యాలను బట్టి తట్టేవి మొదటి కుప్ప, వాటి జోలికి పోవద్దు. ఆ కథకు తప్ప ఇంకెక్కడా పెద్దగా పనికిరానివి రెండోది. పడవ భాగాల పేర్లు, పాతకాలపు దుస్తుల పేర్లు ఇందులోకి వస్తాయి. వాటికి పేజీ పక్కన ఒక్క మాటలో అర్థం రాసి ఇచ్చేయండి, పరీక్షలో అడగొద్దు. కథలో, సైన్సు పాఠంలో, వార్తాపత్రికలో, ఎక్కడైనా మళ్లీ మళ్లీ ఎదురయ్యేవి మూడోది. రిలక్టెంట్, స్కేర్స్, కన్‌సీడ్, ఫ్రాజైల్ లాంటివి. నేర్పాల్సింది వీటినే. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకోన్, లిండా కూకన్ 2002లో వచ్చిన పుస్తకంలో పదాలను మూడు అంచెలుగా విడదీసి, రెండో అంచె (దాదాపు మన మూడో కుప్ప) మీద దృష్టి పెట్టమన్నది ఇలాంటి పదాల గురించే.

పీరియడంతా అర్థాలకే పోతోందంటే పాఠమే పిల్లల స్థాయికి మించి ఉందేమో కూడా చూడండి. 250 పదాల పేజీ ఒకటి ఇచ్చి తెలియని మాటలు గీయమనండి. ఐదు వస్తే, అంటే యాభైకి ఒకటి అయితే, హాయిగా చదవగలరు. పన్నెండు దాటితే అది చదవడం కాదు, డిక్షనరీ తిప్పడం. అలాంటి పాఠం తప్పనిసరైతే పక్కన ఇచ్చే అర్థాల సంఖ్య పెంచండి, నేర్పే పదాల సంఖ్య పెంచకండి. ఎవరి సాయమూ లేకుండా నవలలు, పత్రికలు చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక మాటా దాని రూపాలూ కలిపి ఒక కుటుంబం) కావాలని భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో లెక్కగట్టారు. లిస్టులు ఇచ్చి అంత దూరం తీసుకెళ్లలేం. ఎక్కువ భాగం చదువుతుంటేనే అబ్బుతుంది. క్లాసులో నేర్పే ఎనిమిదీ గట్టిగా నాటుకుంటే చాలు.

ఒక జాగ్రత్త. ఒకేలా ఉండే పదాలు ఒకే రోజు ఇవ్వొద్దు. రిలక్టెంట్, హెజిటెంట్ కలిపి చెబితే రెండూ కలగాపులగం అవుతాయి. అడాప్ట్ (adapt), అడాప్ట్ (adopt) సంగతి ఇంకా ఘోరం: ఒకటి పరిస్థితికి తగ్గట్టు మారడం, రెండోది దత్తత తీసుకోవడం. తెలుగు లిపిలో రాస్తే తేడాయే కనబడదు, ఇంగ్లిష్‌లో మధ్యలో ఉన్న ఒక్క అచ్చే తేడా. ముందు ఒకటి స్థిరపడాలి, రెండోది కనీసం రెండు వారాల తర్వాత.

అయిదుగళ్లపెట్టె

ఆ రిలక్టెంట్ వాక్యంలో తప్పు ఎక్కడ పుట్టిందో చూస్తే మందు దొరుకుతుంది. బోర్డు మీద "రిలక్టెంట్ = ఇష్టంలేని" అని రాసి ఉంటారు. తెలుగులో "నాకు హోంవర్క్ ఇష్టంలేదు" అంటాం. పిల్లవాడు అదే వాక్యాన్ని తీసుకుని ఇంగ్లిష్ మాటలు పేర్చాడు. వాడికి అర్థం తెలుసు, ఆ పదం పక్కన ఏం రావాలో తెలియదు. "బి రిలక్టెంట్ టు" తర్వాత క్రియ రావాలన్నది అర్థంలో దొరకదు, పదంతో పాటే నేర్పాలి. పైగా ఆ అర్థం కూడా కాస్త పక్కకు పోయింది. రిలక్టెంట్ అంటే మనసొప్పకపోవడం, వెనకాడటం. చివరికి ఒప్పుకోనూవచ్చు.

అందుకని నోటుబుక్కులో ఒక్కో పదానికి అర పేజీ కేటాయించండి. పైన పాఠంలోని వాక్యం ఉన్నదున్నట్టు. దాని కింద తెలుగు అర్థం, ఆ వాక్యానికి సరిపోయేది ఒక్కటే, డిక్షనరీలోని నాలుగూ కాదు. తర్వాత దాని జత మాటలు: రిలక్టెంట్ టు స్పీక్, రిలక్టెంట్ విట్‌నెస్, రిలక్టెంట్ స్మైల్. తర్వాత కుటుంబం: రిలక్టెన్స్, రిలక్టెంట్లీ. చివర సొంత వాక్యం. ఇందులో ఎందుకు అన్నది కూడా ఉండాలి, "బికాజ్" లేని వాక్యం ఒప్పుకోవద్దు. "హి వజ్ రిలక్టెంట్" అని ఊరుకుంటే ఆ ఖాళీలో ఏ పదమైనా ఇముడుతుంది. "షి వజ్ రిలక్టెంట్ టు ఓపెన్ ద లెటర్ బికాజ్ షి న్యూ ద హ్యాండ్‌రైటింగ్" అంటే ఇంకో మాట పెట్టడం కష్టం.

మరపు గురించి మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే రాశారు: నేర్చిన కొత్తలోనే ఎక్కువ జారిపోతుంది. కాబట్టి నేర్పిన రోజు పీరియడ్ చివర ఒకసారి, మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు మళ్లీ అడగండి. పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు చాలు. నోటుబుక్కు తెరిచి చదివిస్తే లాభం లేదు, మూసి గుర్తు తెచ్చుకోమనాలి. చూసి చదివినప్పుడు వచ్చినట్టే అనిపిస్తుంది, అదే మోసం.

కార్డులు వాడితే ఐదు గళ్ల పెట్టె పెట్టుకోవచ్చు, సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. కొత్త కార్డులన్నీ మొదటి గడిలో. చెప్పగలిగితే కార్డు తర్వాతి గడికి, తప్పితే ఏ గడిలో ఉన్నా మళ్లీ మొదటికి. మొదటి గడి రోజూ తీయాలి, ఐదోది నెలకోసారి. కార్డు ముందువైపు పదం రాసి వెనక తెలుగు రాయడం అందరూ చేసే పొరపాటు. ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం ఉండాలి, పదం వెనక ఉండాలి. రాసేటప్పుడు పదం మనసులోంచి బయటికి రావాలి కాబట్టి సాధన కూడా ఆ దిశలోనే జరగాలి.

మూడోపఠనం

పదాల సంగతి పైవాళ్లు చెప్పారు, నేను కథ వైపు నుంచి చెబుతాను.

మూడుసార్లు చదివించండి. మొదటిసారి మీరు గట్టిగా, ఎక్కడా ఆగకుండా. కథ ఆగిపోయేంత ముఖ్యమైన మాటలు రెండో మూడో ఉంటే వాటి అర్థం ముందే చెప్పేయండి. అయ్యాక ఒకటే ప్రశ్న: ఎవరికి ఏం జరిగింది? రెండోసారి పిల్లలే, పెన్సిల్ పట్టుకుని. వింతగా అనిపించిన చోట ప్రశ్నార్థకం, మళ్లీ మళ్లీ వచ్చిన మాటకు గుండ్రం. అన్నిటికీ గీతలు పెట్టేస్తారు, పేజీకి నాలుగు మించొద్దని ముందే చెప్పండి. మూడోసారి ఒక్క పేరా మాత్రమే, అక్కడ నిలబడండి.

ఉదాహరణకు ఇలాంటి వాక్యం వచ్చిందనుకుందాం: "ద డోర్ గేవ్ ఎ రిలక్టెంట్ క్రీక్ అండ్ లెట్ ది ఓల్డ్ మ్యాన్ ఇన్." రిలక్టెంట్ కొట్టేసి బోర్డు మీద లౌడ్ అని రాయండి. ఏం పోయింది? లౌడ్ అంటే శబ్దం పెద్దదని తెలుస్తుంది, అంతే. రిలక్టెంట్ అన్నప్పుడు ఆ తలుపుకు ముసలాయన్ని రానివ్వడం ఇష్టం లేదు. అంటే ఇల్లే ఆయన్ని పరాయివాడిగా చూస్తోంది. "లెట్" కూడా ఇప్పుడు వేరేగా వినబడుతుంది: దయతలచి రానిచ్చినట్టు. ఈ పది నిమిషాల్లో పదమూ నాటుకుంది, కథలోకీ వెళ్లారు. మాట మార్చి చూడటం కన్నా మంచి సాధనం నాకు కనబడలేదు.

రాతలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. "దిసీజ్ పర్సానిఫికేషన్. ఇట్ మేక్స్ ద స్టోరీ ఇంట్రెస్టింగ్" అని రాసి ఆపేస్తారు. జడవస్తువును మనిషిలా చూపే ఆ అలంకారం పేరు చెబితే విశ్లేషణ అయిపోదు. మూడు అడుగులు అడగండి: నేనేమంటున్నాను, ఏ మాట వల్ల, ఆ మాట ఏం చేస్తోంది. దీనికి కావాల్సిన క్రియలు కూడా నేర్పాలి: సజెస్ట్స్, ఇంప్లైస్, ఎకోస్, కాంట్రాస్ట్స్. ఇంప్లై (చెప్పకనే సూచించడం) చేసేది రచన, ఇన్ఫర్ (దాన్నిబట్టి గ్రహించడం) చేసేది పాఠకుడు. ఈ రెండూ తారుమారు చేయనివాళ్లు తక్కువ.

పాత రచనల్లో ఇంకో ఉచ్చు ఉంది. తెలియని మాట దగ్గర పిల్లలు ఆగుతారు, తెలిసిన మాట దగ్గర ఆగరు. షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లిష్‌లో ప్రెజెంట్లీ అంటే తరచుగా వెంటనే అని, ఫాండ్ అంటే చాలాచోట్ల తెలివితక్కువ అని. వేర్‌ఫోర్ అంటే ఎక్కడ కాదు, ఎందుకు. ఇలాంటివి మీరే ముందు పట్టుకుని పేజీ పక్కన రాయాలి. దౌ, యూ తేడా మాత్రం మన పిల్లలకు ఇట్టే తెలుస్తుంది, ఎందుకంటే నువ్వు, మీరు మనకున్నాయి. ఒక పాత్ర యూ నుంచి దౌకి దిగిందంటే చనువు పెరిగిందా, కోపం వచ్చిందా అని అడిగి చూడండి, క్లాసంతా చేతులెత్తుతుంది.

పలకాబలపం

చాలా ఉపయోగపడ్డాయి అందరి మాటలూ. రెండు సందేహాలు. ఒకేలాంటి పదాలు కలిపి ఇవ్వొద్దన్నారు, మరి శాడ్ అన్న ఒక్క మాటతోనే కథంతా వర్ణించే పిల్లలకు వేరే మాటలు ఎలా ఇవ్వాలి? శుక్రవారం పరీక్ష ఉంచాలా, తీసేయాలా? వ్యాసంలో ఈ వారం పదాలు ఐదు తప్పక వాడాలని నియమం పెడదామనుకుంటున్నాను.

మార్జిన్‌నోట్

ఆ నియమం పెట్టకండి. ఐదు వాడాలంటే ఐదూ కుక్కేస్తారు, వాక్యం ఏమైపోయినా సరే. థిసారస్ (పర్యాయపదాల నిఘంటువు) తెరిచి మాటకు మాట మార్చడమూ అలాగే మొదలవుతుంది. స్ట్రాంగ్ టీ అనొచ్చు, పవర్‌ఫుల్ టీ అనకూడదు. హెవీ రెయిన్ ఉంది, స్ట్రాంగ్ రెయిన్ లేదు. అర్థం దగ్గరగా ఉన్నా జత కుదరదు. దానికి బదులు రాయడం అయ్యాక, నేర్చిన పదం ఎక్కడైనా సహజంగా పడి ఉంటే దాని కింద గీత పెట్టుకోమనండి. మీరు ఆ గీతలు మాత్రమే చూసి జత సరిచేయండి.

శాడ్ సంగతికి: ముందు గ్లూమీ ఒక్కటి ఒక కథతో నేర్పండి. అది స్థిరపడ్డాక ఇంకో కథలో విస్ట్‌ఫుల్ వస్తుంది, మరో చోట బిటర్. మూడూ విడివిడిగా వచ్చాకే బోర్డు మీద పక్కపక్కన పెట్టి, దేంట్లో కోపం ఉంది (బిటర్), దేంట్లో పోయినదాని మీద ఆశ ఉంది (విస్ట్‌ఫుల్) అని అడగండి. విడిగా వచ్చినవాటిని పోలిస్తే తేడా తెలుస్తుంది, ఒకేసారి పోస్తే ముద్దవుతుంది.

అయిదుగళ్లపెట్టె

పరీక్ష ఉంచండి, లోపలి సరుకు మార్చండి. పది ప్రశ్నలు చాలు: ఈ వారానివి నాలుగు, గత మూడు వారాలవి నాలుగు, అంతకు ముందువి రెండు. ఏ పాతవి వస్తాయో చెప్పకండి. అర్థం రాయమనకుండా "హి అగ్రీడ్, బట్ రిలక్టెంట్లీ, బికాజ్..." అని ఇచ్చి పూర్తి చేయమనండి. లేదా "రిలక్టెంట్‌గా ఉన్న మనిషి అవును అనగలడా?" అని అడిగి కారణం రాయమనండి. ఇష్టంలేని అని బట్టీ పట్టినవాడు అనలేడని రాస్తాడు, పదం పట్టుబడినవాడు అనగలడు, మనసొప్పకుండానే అని రాస్తాడు. తరగతిలో మూడో వంతు మందికి పైగా తప్పిన పదాన్ని వచ్చే వారం ఎనిమిదిలో ఒకటిగా మళ్లీ చేర్చి, కొత్తవి ఏడే ఇవ్వండి.